బల్లకు అటూ ఇటూ
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నేను కొన్ని పాత ఫోటోల గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సెల్మా చిన్న పట్టణం. 1960ల మొదట్లో అక్కడ నల్లవారిలో ఓటర్లుగా నమోదైనవారు నూటికి ఇద్దరు ముగ్గురే. నమోదు కార్యాలయం నెలకు రెండు రోజులే తెరిచేవారు. వెళ్లినవారికి పరీక్ష పెట్టేవారు. ప్యాసు చేయడం, చేయకపోవడం బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి ఇష్టం. 1963 అక్టోబరు 7న వందలాది మంది నమోదు కోసం కోర్టు భవనం ముందు బారులు తీరారు. ఆ రోజు సెల్మాలో డానీ లయన్ అనే యువకుడు ఫోటోలు తీశాడు.

1965 మార్చి 7, ఆదివారం. సుమారు 600 మంది రాజధాని మాంట్‌గోమరీకి నడక మొదలుపెట్టారు. ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. స్పైడర్ మార్టిన్ వంటి పత్రికా ఫోటోగ్రాఫర్లు అదంతా కెమెరాకెక్కించారు. స్పృహతప్పి పడివున్న అమీలియా బాయింటన్ ఫోటో లోకమంతా చూసింది. మార్చి 21న మళ్లీ బయలుదేరి 54 మైళ్లు నడిచారు. 25న రాజధానిలో సుమారు 25,000 మంది పోగయ్యారు. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశారు. 2015లో, వందేళ్లు దాటిన బాయింటన్ చక్రాల కుర్చీలో అదే వంతెన మీదికి వచ్చారు. పక్కన అధ్యక్షుడు ఒబామా!

ఆ బారులు చూసినప్పుడల్లా నాకు ఒక ముసలమ్మ గుర్తొస్తుంది. ఓటర్ల జాబితా పనిలో ఉన్నప్పుడు మూడోసారి వచ్చింది. ఫారంలో ఇంటి నంబరు లేదు. ఆమెది గుడిసె, నంబరు ఎక్కడ నుంచి తెస్తుంది? "రేపు రా" అన్నాను. "సరే అయ్యా" అని వెళ్లింది, మళ్లీ రాలేదు. రూలు ప్రకారం నా తప్పు లేదు. నా మనసు మాత్రం ఒప్పుకోదు. లాఠీ పట్టకుండానే ఒక మనిషి ఓటు ఆపవచ్చునని నాకు తెలుసు. దానికి ఫోటో లేదు, సాక్షిని నేనే.

ఇప్పుడు మనం ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు కోసం బల్లకు ఇవతల నిలబడుతున్నాం. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు నా మనవి ఒక్కటే: ఎదుట నిలబడ్డవారిని కూర్చోబెట్టండి, ఆ ఖాళీ మీ చేత్తో పూరించండి.