ఒక శాస్త్రవేత్త పత్రాలు, మన గురువుల లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవం గుర్తుగా ఏటా ఒక ఉపాధ్యాయుడికో ఉపాధ్యాయినికో పురస్కారం ఇవ్వాలని మన సంఘం తలపెట్టింది. ఎవరి విద్యార్థులకు ఎక్కువ ర్యాంకులు వచ్చాయో లెక్కగట్టి ఎంపిక చేద్దామని ఒక సూచన వచ్చింది. దానిమీద మనం చేతులెత్తే ముందు ఒక శాస్త్రవేత్త సంగతి చెబుతాను. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. మెదడు నా రంగం కాదు గాని, కొలతలు నా వృత్తి.

బ్రెండా మిల్నర్ 1918లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మెదడుకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేశారు. 1953లో అమెరికాలో విలియం స్కోవిల్ అనే సర్జన్, మూర్ఛలు తగ్గించడానికి 27 ఏళ్ల యువకుడికి ఆపరేషన్ చేసి, మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆ తరువాత కొత్త సంగతి ఏదీ ఆయన మనసులో నిలవలేదు. తెలివితేటలు, మాట మాత్రం చెక్కుచెదరలేదు. మిల్నర్ మాంట్రియల్ నుంచి వెళ్లి ఆయన్ని ఓపికగా పరీక్షించారు. స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో 11 పేజీల పత్రం ప్రచురించారు.

తరువాత మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. మూడు రోజుల్లో చేయి బాగా కుదిరింది. కాని ముందురోజు గీసినట్టే ఆయనకు గుర్తులేదు! చేతికి పట్టుబడే నేర్పు వేరు, సంగతుల జ్ఞాపకం వేరు అని అలా తేలింది.

ఆ 1957 పత్రాన్ని ఇతర శాస్త్రవేత్తలు ఇప్పటికి వేలసార్లు ఉదహరించారు. ఇలాంటి ఉదహరింపులను సైటేషన్లు అంటారు. వీటిని వరుసగా నమోదుచేసే సూచిని 1964లో యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చారు. ఒక పత్రం నుంచి దానికి సంబంధించిన మరో పత్రానికి దారి దొరకాలని ఆయన ఉద్దేశం. రానురాను దాంతో మనుషులను కొలవడం మొదలైంది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో 20 పత్రాలు ఒక్కొక్కటీ కనీసం 20 సార్లు ఉదహరింపు పొందితే సూచిక 20. నిలకడగా పనిచేసేవారిని గుర్తించడానికి ఇది పనికొస్తుంది. కాని ఎవరైనా జీవితంలో ఆ 1957 పత్రం ఒక్కటే రాసి ఉంటే, వేల సైటేషన్లు వచ్చినా వారి సూచిక 1 దగ్గరే ఆగుతుంది.

ఆ లెక్కకు అందని మనుషులూ ఉన్నారు. యాభై ఏళ్లకు పైగా పరీక్షలకు సహకరించిన ఆ రోగిని పత్రాల్లో హెచ్.ఎం. అనే రెండక్షరాలతోనే పిలిచారు. హెన్రీ మొలైసన్ అనే పేరు 2008లో ఆయన చనిపోయాకే లోకానికి తెలిసింది. ఆయన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన సుజాన్ కార్కిన్, మిల్నర్ శిష్యురాలే. అలాంటి శిష్యురాలిని తయారుచేసినందుకు గురువు సూచికలో ఒక్క అంకె కూడా పెరగదు.

వోల్ట్‌మీటరు వోల్టేజి సరిగ్గానే చూపిస్తుంది. దాన్ని చూసి కరెంటు బిల్లు వేస్తామంటేనే చిక్కు. ర్యాంకులూ అంతే. ముందే బాగా చదివే పిల్లలున్న సెక్షన్‌కు చెప్పిన టీచరుకు అవి ఎక్కువ వస్తాయి. లెక్కల్లో తప్పిన పిల్లాణ్ని సాయంత్రాలు కూర్చోబెట్టుకుని గట్టెక్కించిన మాస్టారి పేరు ఆ జాబితాలో ఎక్కడుంటుంది? ఆ పిల్లాడు ఈ రోజు సొంత వర్క్‌షాపు పెట్టి పదిమందికి పని ఇస్తున్నా, అది ర్యాంకు కాదు కదా!

అందుకే నా మనవి ఇది. ర్యాంకులను ఒక గడిలో ఉంచుదాం, తీసేయవద్దు. దాని పక్కన ప్రతి బ్యాచ్ ఒక పేజీ రాయాలి: ఏ గురువు దగ్గర ఏం నేర్చుకున్నాం, అది జీవితంలో ఎక్కడ అక్కరకొచ్చింది అని. వేర్వేరు బ్యాచ్‌ల వారు ముగ్గురు, రిటైరైన ఉపాధ్యాయులు ఇద్దరు కూర్చుని ఆ పేజీలన్నీ పూర్తిగా చదివి నిర్ణయించాలి. మిల్నర్ పత్రం విలువ తెలిసింది కూడా దాన్ని చదివినవారికే.

ద్వారం దగ్గర బల్లమీద తెల్లకాగితాలు పెట్టించాం. భోజనాలకు వెళ్లేముందు తలా నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి. మీ గురువులు ఇక్కడే ఉన్నారు, వారూ చదువుతారు.

సెలవు.