పాస్టరుగారి కోపం

2008 మార్చిలో అమెరికా టీవీలు షికాగో నల్లజాతి పాస్టరు జెరమయా రైట్ పాత ప్రసంగాల్లోని ముక్కలు పదేపదే చూపించాయి. చర్చిలో నిలబడి సొంత దేశాన్నే శపించారాయన. అప్పుడు అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఒబామా అదే చర్చి సభ్యుడు. మార్చి 18న ఫిలడెల్ఫియాలో జవాబు చెబుతూ, తనను పెంచిన తెల్ల అమ్మమ్మ కూడా వీధిలో నల్లజాతి మగవాళ్ళు ఎదురైతే భయమని ఒప్పుకుందన్నారు. ఆవిడను కాదనలేనట్టే పాస్టరుగారినీ కాదనలేనన్నారు. (మే నెలాఖరుకి ఆ చర్చి వదిలేశారనుకోండి!) కోపానికి కారణాలున్నాయి, దేశం మారనే మారదన్నట్టు మాట్లాడడమే పొరపాటన్నారు.

నాకూ అంతే అనిపిస్తుంది. తరతరాలు బానిసలుగా అమ్మి, తర్వాత బడీ బస్సూ వేరుచేస్తే కోపం రాదుటండీ? కానీ ఆ శాపనార్థాలు విన్న అలాంటి అమ్మమ్మ ఏం చేస్తుంది? తలుపుకి ఇంకో గడియ పెట్టించుకుంటుంది.