ముక్కు దగ్గరే కాపలా
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్‌కు వెళ్ళేవారి టీకా గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. "సూది ఎందుకండీ, సర్టిఫికెట్ ఇప్పిస్తే చాలు" అనేవాళ్ళు మనలో వున్నారు. వారి కోసమే ఈ మనవి.

మెనింజైటిస్ అంటే మెదడును కప్పివుండే పొరల వాపు. దీనిని కలిగించే ఒక బాక్టీరియా ఆరోగ్యంగా వున్న మనిషి ముక్కులో, గొంతులో చడీచప్పుడు లేకుండా కాపురముంటుంది. దగ్గినా తుమ్మినా తుంపర్లతో పక్కవారికి చేరుతుంది. రక్తంలోకి దిగితే ఒక్క రోజులోనే ప్రాణం తీయగలదు. లక్షలమంది భుజం భుజం కలిపి నిలబడే చోట దానికి అడ్డేముంది?

1987 హజ్‌లో 'ఎ' రకం చెలరేగింది. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం టీకాను తప్పనిసరి చేసింది. 2000లో 'డబ్ల్యు 135' రకం వచ్చింది. అప్పట్లో చాలామంది వేయించుకున్న టీకా ఆ రకానికి పనిచేయదు. జమ్‌జమ్ నీళ్ళతో, ఖర్జూరాలతో పాటు హాజీలు తమకు తెలియకుండానే ఆ క్రిమినీ ఇంటికి తెచ్చారు. బ్రిటన్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో హజ్‌కు వెళ్ళని ఇంటివారు కూడా జబ్బుపడ్డారు.

ఎందుకిలా? పాతరకం పాలీశాకరైడ్ సూదిమందు రక్తంలో కాపలా పెడుతుంది గాని, ముక్కులో వున్న క్రిమిని వెళ్ళగొట్టలేదు. కాంజుగేట్ టీకా కొంత నయం. దొంగను గుమ్మంలోనే ఆపాలంటే ముక్కులో వేసే టీకా కావాలి. అది ముక్కు లోపలి తడిపొరలోనే 'ఐజీఏ' అనే రక్షక పదార్థాన్ని పుట్టిస్తుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ కోవిడ్‌కు చేసిన ముక్కు చుక్కల టీకా 2023 జనవరి 26న విడుదలైంది. అది వైరస్ సంగతి. బాక్టీరియా విషయానికొస్తే, కోరింత దగ్గుకు ముక్కు టీకాను మనుషులపై పరీక్షించారు. ముక్కులో రక్షణ పెరిగినట్లు 2023లో ఫలితాలు వెలువడ్డాయి. మెనింజైటిస్‌కు మాత్రం అటువంటిది ఇంకా వాడుకలోకి రాలేదు.

అంతవరకూ మన చేతిలో వున్నది సూదే. ఎ, సి, డబ్ల్యు, వై నాలుగు రకాలకూ పనిచేసే టీకాను సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. తుమ్ము వస్తే ముఖానికి చెయ్యో గుడ్డో అడ్డం పెట్టుకోవడం మన ప్రవక్త (స) వారి అలవాటు. మనమూ పాటిద్దాం. జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఉత్త కాగితం మనల్ని విమానం ఎక్కిస్తుందేమో గాని క్రిమిని ఆపదు. ఇంటి దగ్గర మన రాక కోసం ఎదురుచూసే పసిపిల్లలను తలచుకుని సూది వేయించుకోండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. సెలవు. ఖుదా హాఫిజ్.