మెక్సికోలో వంశచరిత్ర: గుడి పుస్తకం, సర్కారు పుస్తకం

తాతగారి పేరు మనలో అందరికీ తెలుసును. ముత్తాతగారి పేరు చెప్పగలవారు కొందరుంటారు. ఆపైన మరి రెండు తరాలు అడిగితే చాలమంది తడుముకొంటారు. కూలిచేసుకొని బ్రతికిన ముత్తాతల పేర్లను ఎవరు వ్రాసిపెడతారు? అయితే మెక్సికో దేశంలో అటువంటివారి పేర్లు సైతం చాల ప్రాంతాలలో మూడువందల యేండ్లకు పైబడి కాగితంమీద నిలిచి ఉన్నవి. వాటిని వెదకి చదువుకొనే విధానమేమిటో, అందులోని చిక్కులేమిటో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

స్పెయిన్ సేనలు 1521లో మెక్సికో రాజధానిని జయించిన తరువాత కథోలిక మతం ఆ దేశంలో వేళ్ళు పాతుకొన్నది. 1563లో ట్రెంట్ మహాసభ వివాహాలకూ, జ్ఞానస్నానాలకూ విచారణ గురువులు పుస్తకాలు ఉంచవలెనని శాసించినది. విచారణ అనగా ఒక గుడిక్రింద ఉన్న ఊళ్ళ సముదాయం. శిశువు పేరు, జ్ఞానస్నానం జరిగిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, వారి నివాసం — ఇవన్నీ నాలుగైదు పంక్తులలో ఇమిడి ఉంటవి. స్పెయిన్ సంతతివారికి ఒక పుస్తకం, ఆదిమవాసులకు ఒకటి, సంకరజాతులకు మరొకటి అని అనేక గుళ్ళలో వేరువేరుగా ఉంచేవారు. ఒకే మనిషిని జ్ఞానస్నానంనాడు ఒక జాతిగాను, పెండ్లినాడు మరొక జాతిగాను వ్రాసిన సందర్భాలు కలవు. కాబట్టి ఆ మాట మనిషి పుట్టుకను గురించి ఎంత చెప్పునో, వ్రాసిన గురువు చూపును గురించి కూడ అంతే చెప్పును. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి యేడు, అనగా 1822లో, జాతినిబట్టి పౌరులను వర్గీకరించి వ్రాయరాదని ప్రభుత్వం నిషేధించినది.

అన్నిటికంటె విలువైనవి వివాహానికి ముందు జరిగిన విచారణల కాగితాలు. వధూవరులు ఎక్కడివారు, తల్లిదండ్రులెవరు, ఇద్దరికీ బంధుత్వమున్నదా అని సాక్షులను ప్రశ్నించి వ్రాసేవారు. దగ్గరి చుట్టరికముంటే మతాధికారి అనుమతి కావలెను. దానికొరకు కొన్నిచోట్ల ఉభయుల మూలపురుషునినుండి వంశవృక్షమే గీసి జతపరచేవారు. అటువంటి ఒక్క కాగితం దొరికితే మూడు నాలుగు తరాలు ఒక్కసారిగా కళ్ళయెదుట నిలుస్తవి.

ఇక రెండవ పుస్తకం సర్కారుది. బెనీతో హువారెస్ ప్రభుత్వం 1859 జూలై 23న వివాహాన్ని పౌర ఒప్పందంగా ప్రకటించి, ఆ నెల 28న జనన మరణ వివాహాల నమోదును ప్రభుత్వాధికారులకు అప్పగించినది. అంతర్యుద్ధం, ఆపైన ఫ్రెంచి దండయాత్ర రావడంవలన ఆ చట్టం చాలచోట్ల వెంటనే సాగలేదు. 1867లో గణతంత్రం మరల నిలిచిన తరువాతనే క్రమంగా స్థిరపడినది. సర్కారు జనన పత్రంలో పుట్టిన గంట, తల్లిదండ్రుల వయస్సు, వృత్తి, తరచుగా ఇరువైపుల తాతలూ అవ్వల పేర్లు కూడ ఉంటవి. మరణ పత్రంలో వ్యాధి పేరు ఉంటుంది.

ఇక్కడనే అసలు చిక్కు వచ్చినది. పెండ్లి గుడిలో జరిగితే చాలునని పల్లెప్రజలు అనేకులు తలచినారు. గుడి పెండ్లి ఒక్కటే చేసుకొన్న దంపతులు చట్టం దృష్టిలో అవివాహితులు. ఒక వ్యవసాయ కూలీని ఊహించుకొందాము. అతని బిడ్డను సర్కారు గుమాస్తా ‘సహజ సంతానం’ అని వ్రాసినాడు. వివాహం లేకుండ పుట్టిన బిడ్డ అని దాని అర్థం. అదే బిడ్డను గుడి పుస్తకంలో గురువు ఔరసుడని వ్రాసినాడు. నూరు సంవత్సరాల తరువాత మునిమనుమరాలు సర్కారు పత్రం ఒక్కటే చూచినచో అవ్వపై లేని మచ్చ మోపుతుంది. ఇద్దరు గుమాస్తాలూ అబద్ధమాడలేదు. ఎవరి చట్టం ప్రకారం వారు వ్రాసినారు. అందుచేత ఒక పుస్తకం చూచి తీర్పు చెప్పరాదు.

రెండు పుస్తకాలు ఉండడంవలన మరొక మేలు కూడ కలిగినది. 1910లో ప్రారంభమైన విప్లవంలో కొన్ని ఊళ్ళ సర్కారు దస్తావేజులు తగులబడినవి. అక్కడ గుడి పుస్తకమే దిక్కు. 1926 ఆగస్టునుండి 1929 జూన్ వరకు ప్రభుత్వంతో వివాదంవలన గుళ్ళలో ఆరాధనలు నిలిచిపోయినవి. ఆ కాలానికి సర్కారు పుస్తకం ఆధారం.

వెదకేవారు తెలిసినదానినుండి తెలియనిదానికి వెనుకకు నడువవలెను. మొదట కావలసినది ఊరి పేరు. విప్లవకాలంలో అమెరికాకు వలసవెళ్ళినవారి సంతతికి ఇదే పెద్ద సమస్య. శాన్ హోసె అనే పేరుతోనే ఎన్నో పల్లెలున్నవి. అది ఏ విచారణక్రిందిదో తెలియవలెను. సరిహద్దు దాటినప్పుడు అమెరికా అధికారులు వ్రాసుకొన్న కార్డులు ఇక్కడ తోడ్పడవచ్చును. ఇంటిపేర్ల ఆచారం ఒక సదుపాయం. అక్కడ తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ధరిస్తారు. పెండ్లియైన స్త్రీ పత్రాలలో పుట్టింటి పేరుతోనే ఉంటుంది. కాని పాత పుస్తకాలలో ఆదిమవాసులకు తరచు ఇంటిపేరుండదు. రెండు క్రైస్తవ నామాలే ఉంటవి. తండ్రి రెండవ పేరు కొడుకుకు రాకపోవచ్చును. అప్పుడు భార్య పేరు, ఊరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కలిపి చూచి గుర్తుపట్టవలెను. పేర్లను కుదించి వ్రాయుట, ‘బ’కు ‘వ’ వ్రాయుట కూడ పరిపాటి.

అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం 1952లో మెక్సికోలో ఈ పుస్తకాలను మైక్రోఫిల్ము తీయుట ప్రారంభించినది. నేడు వాటిలో చాల భాగం కంప్యూటరు తెరపై చూడవచ్చును. పేర్ల సూచికలూ ఉన్నవి. అయినా సూచిక తయారుచేసినవారు దస్తూరిని పొరపాటుగా చదివి ఉండవచ్చును గనుక మూలపత్రాన్ని కంటితో చూడక తప్పదు.

ఈ కాగితాలలో చాలవాటి చివర, ‘వ్రాయుట తెలియనందున సంతకం చేయలేదు’ అన్న మాట కనబడుతుంది. ఆనాడు తన పేరు తాను వ్రాయలేని ఆ కూలీ పేరును ఈనాడు అతని మునిమనుమరాలు చదువుకొంటున్నది. ఆమె పుణ్యమా అని ఆ ఇంట ఒక పేరు తిరిగి వాడుకలోకి వస్తున్నది.