ఆవిరి రైలింజను నమూనా: చక్రములు తిరుగు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పుస్తకముతోపాటు వస్తువును కూడ చూపి జ్ఞానము కలిగించుట గ్రంథాలయ ధర్మమని నా విశ్వాసము. అందుచేతనే ఈ బల్లపై ఒక చిన్న రైలింజను నుంచి దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మన ఆర్మూరునకు రైలు వచ్చినది 2017లో, నిజామాబాదు–పెద్దపల్లి మార్గము పూర్తియైన పిమ్మట. బ్రాడ్‌గేజి పట్టాలపై ఆవిరి యింజనులు 1995లోనే సెలవు తీసికొన్నవి. మన యూరికి రైలు చేరునప్పటికి ఆవిరి వెడలిపోయినది. నిజామాబాదు మీటరుగేజిపై దానిని చూచిన పెద్దలు మనలో నున్నారు. వారి మనుమలకు మాత్రము అది బొమ్మలోని పొగ.

ఈ నమూనాకు మూలము మీటరుగేజి ప్రయాణికుల బండ్లను లాగిన వై.పి. తరగతి యింజను. దాని నడుపు చక్రముల వ్యాసము 1372 మిల్లీమీటర్లు. పిస్టను నడక 610. పదునారవ వంతునకు తగ్గింపగా చక్రము 86, నడక 38 మిల్లీమీటర్లైనవి. క్రాంకు చీల ఇరుసు కేంద్రమునకు నడకలో సగము, అనగా 19 మిల్లీమీటర్ల దూరమున నుండవలెను.

మొదట దీనికి ఒక్క సిలిండరే యుండెను. అది ఊగుచు తన రంధ్రమును తానే తెరచి మూయును. నిర్మించుట సులభమే కాని యందొక చిక్కు కలదు. కుట్టుమిషను త్రొక్కువారు తొలుత చక్రమును చేతితో నొక్కింత త్రిప్పుట మీరెరుగుదురు. త్రొక్కుడు కడ్డీయు క్రాంకును ఒకే గీతలోనికి వచ్చినచో ఎంత బలముగ త్రొక్కినను చక్రము కదలదు. దానినే మృతస్థానమందురు. పొలములోని ఆయిలింజను బరువైన చక్రపు వేగముచే ఆ స్థానమును దాటును. రైలింజనో, నిలిచిన చోటనుండి బరువు లాగుచు బయలుదేరవలెను. దానికి చేయి యిచ్చువాడెవడు?

అందుకే నమూనాను మార్చి రెండు ప్రక్కల రెండు సిలిండర్లు బిగించుట జరిగినది. కుడిక్రాంకునకు ఎడమక్రాంకు 90 డిగ్రీల దూరమున నుండును. ఒకటి మృతస్థానమున నున్నపుడు రెండవది పూర్తి బలముతో త్రోయును. ప్రతి సిలిండరునకు ముందు వెనుకల రెండు వైపుల నుండియు ఆవిరి అందును గాన ఒక్క చుట్టులో నాలుగు త్రోపులు లభించును.

ఈ పనిలో ముఖ్యమైన మెలకువ యొకటి కలదు. ఆ కోణము 90 డిగ్రీలకు రవంత తప్పినను యింజను నడచును. కాని ఒక ఇరుసునకును మరియొక ఇరుసునకును కోణము భేదించినచో చక్రములను జతచేయు కడ్డీలు బిగుసుకొని కదలవు. కనుక అన్ని ఇరుసులను ఒకే అచ్చులో నుంచి చక్రములు బిగింపవలెను. కడ్డీల రంధ్రముల దూరమును ఇరుసుల నడిమి దూరమునకు సరిపోవలెను.

ఆవిరిని వేళకు లోనికి విడుచునది జారుడు కవాటము. ముందు వెనుకల నడకలకు దాని గతిని మార్చు పద్ధతిని బెల్జియము దేశస్థుడగు వాల్షార్టు 1844లో కనిపెట్టెను. వై.పి. యింజనులకు అదియే ఆధారము.

అయితే అన్నిటిని పదునారవ వంతునకు తగ్గించిన చాలునా? చాలదు. పొడవు పదునారవ వంతైనపుడు వైశాల్యము 256వ వంతు, ఘనపరిమాణము 4096వ వంతు అగును. చిన్న సిలిండరులో ఆవిరి కొంచెము, దానిని చల్లార్చు గోడ యెక్కువ. ఆవిరి త్వరగా నీరగును. ప్రకృతి మన కొలబద్దకు లోబడదు.

ఇక బాలుర క్షేమమును గూర్చి. డబ్బాలకు సీసపు టతుకు వేసి బాయిలరు చేయుట ప్రాణాపాయము. నీరు తగ్గి వేడి హెచ్చినచో ఆ యతుకు కరగిపోవును. బాయిలరు కావలెనన్న రాగితో చేసి, వెండి యతుకు వేయించి, నిప్పు పెట్టకముందే నడుపు ఒత్తిడికి రెట్టింపు నీటి ఒత్తిడితో నిపుణులచే పరీక్షింపవలెను. రక్షక కవాటము తప్పక యుండవలెను. ఈ నమూనాకు మాత్రము బాయిలరు లేదు. పంపుతో నింపిన గాలియే దీనిని నడుపును. చక్రముల మర్మము తెలియుటకు గాలి చాలును.

కడపట నిర్వాహకులకు ఒక్క విన్నపము. ఇది పాడగునని దీనిని అద్దాల బీరువాలో నుంచి తాళము వేయవలదు. బాలురు విప్పుదురు, ఒకటి రెండు మరలు పోగొట్టుదురు, మరల చేయించుకొనవచ్చును. విప్పి బిగించిన చేయి నేర్చిన దానిని చూచిన కన్ను నేర్వదు. డ్రమ్ములో పడి ఒరసికొననిదే పసుపుకొమ్ము మెరుగెక్కదని మన రైతులకు నేను చెప్పవలసిన పని లేదు.