ఎల్ల కావలి అంగడి



భుయ్యాడీహ్‌లోని తెలుగు గృహిణికి పొలిమేర దాటి సరకు కొనుట యనిన వింతగాఁ దోఁపదు. సువర్ణరేఖా తీరమునందలి యీ పేటనుండి బెంగాలు, ఒడిశా హద్దులు కొన్ని గంటల ప్రయాణమే. కాని యవి యొకే దేశములోని హద్దులు. పొరుగు దేశపు టేలుబడిలోనికిఁ బోయి బజారు చేసికొని, ప్రొద్దుగ్రుంకులోపల నిల్లు చేరుట తెలుగువారికి గోదావరి గట్టుననే జరిగినది. ఆ పొరుగు దేశము యానాము.

కాకినాడకు దాదాపు 30 కిలోమీటర్ల దూరమున, గౌతమీ తీరమందున్న యీ చిన్న యూరు 18వ శతాబ్దినుండి 1954 వఱకు, నడుమ కొన్ని పర్యాయములు ఆంగ్లేయుల వశమైనను, ఫ్రెంచివారిదే. చుట్టును ఆంగ్లేయుల మద్రాసు రాజధాని. భాష యొకటే, బంధుత్వములు ఒకటే. సుంకము మాత్రము వేఱు. మంగళవారపు సంతకు చుట్టుపట్ల గ్రామములవారు వచ్చి విదేశపు సరకులు కొనెడివారు. కొన్నవారికది చౌకబేరము, సుంకపు కచేరీవారికి దొంగరవాణా. 1941లో ఉభయ ప్రభుత్వములకును సుంకముల యొడంబడిక కుదిరెను. 1949లో నది తొలగఁగా కాపలా మరల బిగిసెను. 1954 నవంబరు 1న పాలన భారతదేశమునకు సంక్రమించెను. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న జరిగినది.

అయితే ఆ హద్దు దాటినది సరకు మాత్రమే కాదు. 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాలో 14 ఏండ్లు నిండని బాలికల వివాహమును నేరముగాఁ జేసెను. ఫ్రెంచి గడ్డపై నా చట్టము చెల్లదు. కావున పెండ్లివారు పిల్లను వెంటఁగొని యానామునకుఁ దరలి, తాళి కట్టించి, మరలి పోయెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరే యుండెను. వినుటకెంత సొంపైన పేరు! చౌక సరకు వలన నష్టము ఈవలి వర్తకునిది, ఖజానాది. ఈ పెండ్లి వలన నష్టము, అడుగకయే బండి యెక్కింపఁబడిన పసిదానిది.

నేఁడు యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను దేశమంతట నొక్కటియైనను, పెట్రోలు, డీజిలు, మద్యము దానిలోఁ జేరలేదు. ఆంధ్రప్రదేశములోఁ బన్ను హెచ్చు; అందుచే యానాము బంకులకు నీవలి బండ్లు పోవుచునే యున్నవి. సీసాలు దాఁచి తెచ్చి పట్టుబడువారును కలరు.

గృహిణులు లెక్క చూడఁదగిన సంగతి యొకటి కలదు. లీటరు ధర ఈవల 100 రూపాయలు, ఆవల 90 రూపాయలు అనుకొనుఁడు. కాకినాడ వాఁడు మోటారు సైకిలుపైఁ బోయి 10 లీటర్లు పోయించుకొనిన 100 రూపాయలు మిగులును. రానుపోను 60 కిలోమీటర్లకు లీటరు నూనె యగును. పూఁట పని పోవును. మిగిలినది పది రూపాయలు! నిజముగా లాభపడువారు పొలిమేర పల్లెలవారును, ఆ దారినే పోవు పెద్ద ట్యాంకుల లారీలవారును. ఈవలి బంకువాఁడు మాత్రము తన యెదుటినుండియే సాగిపోవు బండ్లను లెక్కించుకొనుచుండును.