వార్డు మెంబరు కుర్చీ చిన్నది కాదు
(విజయవాడలో జరిగిన ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం ‘పాలనలో ఆదివాసీ మహిళ’. పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా ఏలుబడి కింద గువామ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి మూలవాసులు చమోరోలు. వాళ్ళ ఆడబిడ్డ లూ లియోన్ గెరెరో 2019 జనవరిలో ఆ దీవికి తొలి మహిళా గవర్నరు అయ్యారు. ఆవిడ మొదట ఆసుపత్రిలో నర్సు. ఆ తరువాతే శాసనసభ, బ్యాంకు బాధ్యతలు, గవర్నరు పదవి.

అంత దూరం ఎందుకు, మన పక్కనే సీతక్క ఉన్నారు. ములుగు ప్రాంతపు కోయ బిడ్డ, అసలు పేరు దనసరి అనసూయ. చిన్న వయసులోనే నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళారు. బయటికొచ్చి, ఆగిపోయిన చదువు అందుకుని లాయరు అయ్యారు. ములుగులో 2004లో ఓడారు, 2009లో గెలిచారు, 2014లో మళ్ళీ ఓడారు. 2018లోనూ 2023లోనూ గెలిచారు. 2023 డిసెంబరు 7న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. పంచాయతీరాజ్ శాఖ ఆమెకే ఇచ్చారు.

ఓడినా గెలిచినా ఆమె ఇంట్లో కూర్చోలేదు. కరోనా రోజుల్లో దారి లేని గూడేలకు సరుకులు మోసుకుని నడిచి వెళ్ళారు. యాభై దాటాక, 2022లో, ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ పరిశోధన వలస వచ్చిన గొత్తికోయల బతుకు మీదే.

ఇప్పుడు మన సంగతి. ములుగు ఎస్టీ రిజర్వుడు సీటు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి అసెంబ్లీ సీట్లు 7 ఉన్నాయి, అన్నీ ఏజెన్సీ వైపే. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో ఒక్కటీ లేదు. అంటే డెల్టాలో మనకు తెరిచి ఉన్న తలుపు పంచాయతీ. 21 ఏళ్ళు నిండితే వార్డుకు పోటీ చేయొచ్చు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము కూడా 1997లో ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలరుగానే మొదలుపెట్టారు.

కానీ చాలా చోట్ల జరిగేదేమిటి? సీటు మన అక్కది, మాట మోతుబరిది. తీర్మానంలో ఏముందో చదవకుండానే సంతకం పెట్టిస్తారు. అలా పెట్టిన సంతకంతో మన వీధికి నీళ్ళు రావు, మన శ్మశానానికి దారి రాదు. రిజర్వేషన్ మనల్ని కుర్చీ దాకా తెస్తుంది. మాట్లాడటం మాత్రం మనమే నేర్చుకోవాలి.

అందుకే మిమ్మల్ని అడిగేది మూడు పనులు. ఓటరు జాబితాలో మీ పేరు చూసుకోండి. ఈసారి గ్రామసభకు మీ అమ్మనో అక్కనో వెంటబెట్టుకుని వెళ్ళండి. తీర్మానాల పుస్తకం అడిగి, గట్టిగా చదివి వినిపించండి. చదువుకున్న పిల్లలు మన పేటకొక్కరున్నా చాలు, మనవాళ్ళ చేత గుడ్డిగా సంతకం పెట్టించడం ఎవరి వల్లా కాదు.

మీలో ఒక చెల్లెలు వార్డు మెంబరై, తన సంతకం తనే చదువుకుని పెట్టిన రోజు మేమంతా వచ్చి చప్పట్లు కొడతాం.

జోహార్! జై ఆదివాసీ!